ఈ క్షణంలో ఉండమంటారు సరే, ఉండనిచ్చేదెవరు?

మూలాపేట లెక్కలు

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు మూలాపేట. ఒక రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు చూస్తాను. నాకు 44 ఏళ్లు. అడిగేది చిన్న ప్రశ్నే. కానీ ఇంట్లో సంగతి చెప్పకుండా అడిగితే అందరూ ప్రాణాయామం చెయ్యమనే అంటారు, అందుకని కాస్త వివరంగా రాస్తున్నా. ఓపిక పట్టి చదవండి.

పోయిన సంక్రాంతి వెళ్లిన కొద్ది రోజులకు మా అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది, అలవాటైన చెవికి తప్ప అర్థం కాదు. మా ఆయనది కృష్ణపట్నం పోర్టు పక్క షిఫ్టు డ్యూటీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. పాప ఇంటర్ రెండో సంవత్సరం, బాబు 8వ తరగతి. పగలు అత్తమ్మ దగ్గర ఒకావిడ ఉంటుంది, సాయంత్రం 6 కొట్టేసరికి చెప్పులేసుకుంటుంది. ఇక బుచ్చిరెడ్డిపాళెం అవతల పల్లెలో మా నాన్న ఒక్కడే. కయ్య, అంటే పొలం, కౌలుకిచ్చి మా దగ్గరికి రమ్మంటే 'ఈ ఎడగారు పంట కానీమ్మా' అంటాడు. ఎన్ని ఎడగార్లు పోయినా ఆ మాట మాత్రం పోలేదు.

పని ఎక్కువని కాదు నా బాధ. పని చేస్తూనే ఉన్నా, ఏ పని దగ్గరా నేనుండటం లేదు. పొద్దున పెనం మీద దోసె వేస్తుంటే మిల్లు గుర్తొస్తుంది. 20వ తేదీ లోపల జీఎస్టీ 3బీ రిటర్ను వెయ్యాలి, ఇంకా లారీ బాడుగల బిల్లులు చేతికి రాలేదు. మిల్లులో కూర్చుని ధాన్యం పుట్ల లెక్క రాస్తుంటే ఇల్లు గుర్తొస్తుంది. ఆవిడ అత్తమ్మను పక్కకు తిప్పిందా, లేక టీవీ ముందు కూర్చుందా? మా పక్క పుట్టి అంటే 850 కిలోలు, ఒక్క పుట్టి అటూ ఇటూ అయితే రాత్రి దాకా వెతుక్కోవాలి. తీరా ఇంటికొచ్చి అత్తమ్మ పక్కన కూర్చుంటే పాప కాలేజీ రెండో టర్మ్ ఫీజు. పడుకుంటే నాన్న. నీళ్లు పెట్టేదానికి రాత్రిపూట కాలవ గట్టు మీద ఒక్కడే పోతాడు, పురుగూ పుట్రా ఉంటాయి, ఫోన్ ఇంట్లో మర్చిపోతాడు.

మా ఆఫీసులో ఒకమ్మాయి రోజూ వాట్సాప్‌లో పెడుతుంది. గడిచింది గడిచిపోయింది, రేపు ఇంకా రాలేదు, ఈ క్షణం ఒక్కటే నీది అని, వెనకాల సూర్యుడి బొమ్మ. ఈ క్షణం నాదెక్కడమ్మా? పొద్దున 9 నుంచి అది మా ఓనరుది, సాయంత్రం 6 నుంచి అత్తమ్మది. వీఆర్సీ సెంటర్ ట్రాఫిక్‌లో స్కూటీ ఆగినంతసేపు నాదేమో మరి. అప్పుడు కూడా వెనకోడు హారన్ కొడుతుంటాడు.

ఫోన్‌లో ధ్యానం యాప్ ఒకటి పెట్టుకుని చూశా. అత్తమ్మకు ఏదన్నా కావాలంటే ఎడమ చేత్తో స్టీలు గ్లాసు తీసుకుని మంచం ఇనప పట్టీ మీద కొడుతుంది. యాప్‌లో ఆవిడేమో కళ్లు మూసుకుని శ్వాసను గమనించమంటుంది, నేను గ్లాసు చప్పుడును గమనిస్తూ కూర్చున్నా. మోగితే ఒక టెన్షన్. మోగకపోతే, ఎందుకు మోగలేదని ఇంకో టెన్షన్. తీసేశా.

బాధ్యతలు తప్పించుకునే దారి అడగట్లేదు. మా అత్తమ్మ నన్ను కన్నకూతురిలా చూసుకుందని అబద్ధం చెప్పను, అన్ని ఇళ్లలోలాగా మామూలు అత్తే, మా ఇద్దరికీ పడని రోజులు చాలానే ఉన్నాయి. అయినా ఆమెకు చెయ్యడం నాకు భారం కాదు. చేస్తున్నప్పుడు తలకాయ కూడా అక్కడే ఉండాలి, అంతే నేను కోరేది. మీలో ఎవరికైనా అది కుదిరిందా? కుదిరితే ఏ పని దగ్గర, ఎట్టా కుదిరిందో చెప్పండి. పుస్తకాల్లో చదివింది వద్దు, దయచేసి.

---

ప్రశాంత జీవనం

అమ్మా, మీ సమస్యకు మూలం మనసే. తెల్లవారుజామున 4 గంటలకు బ్రహ్మ ముహూర్తంలో లేచి అరగంట ధ్యానం చేస్తే రోజంతా ప్రశాంతంగా గడుస్తుంది. వీలైతే 10 రోజుల విపశ్యన ధ్యానం కోర్సుకు వెళ్లి రండి. ఫీజు ఏమీ ఉండదు, విరాళాలతో నడుస్తుంది. ఫోన్ వాళ్లకు ఇచ్చేసి మౌనంగా ఉండాలి. నేను వెళ్లొచ్చాను, జీవితం మారిపోయింది.

మూలాపేట లెక్కలు

అన్నా, మంచి మాటే. 4 గంటలకు నేను రోజూ లేస్తున్నా, అది అత్తమ్మకు గుడ్డలు మార్చే టైమ్. 10 రోజులు నేను ఫోన్ ఇచ్చేసి మౌనంగా కూర్చుంటే ఇంట్లో వాళ్లు కూడా మౌనంగా కూర్చోవాల్సిందే, పొయ్యి వెలిగించే వాళ్లుండరు. పాప పెళ్లయ్యాక చూస్తాలెండి.

---

తోటపల్లిగూడూరు రొయ్యలోడు

అక్కా, ధ్యానం గురించి చెప్పేదానికి నేను పెద్ద చదువుకున్నోణ్ణి కాదు. మీరు ఏ పని దగ్గర కుదిరిందో చెప్పమన్నారు చూడండి, దానికి నా దగ్గర జవాబుంది. అందుకే రాస్తున్నా.

నాలుగు చెరువు గుంటలు లీజుకు తీసుకుని వనామీ రొయ్య వేస్తాను. వేసిన రోజు నుంచి పట్టుబడి దాకా మూడు నాలుగు నెలలు, ఆ లోపల మనశ్శాంతి అనే మాట గుంట గట్టు ఎక్కదు. మేత అంతా అప్పు మీదే, పట్టినాక కడతాం. రేటు మన చేతిలో ఉండదు. పొద్దునొక రేటు ఉంటుంది, లారీ వచ్చేసరికి ఇంకో రేటు. ఒక్క పెద్ద వాన పడితే నీళ్లలో ఉప్పు తగ్గి, చల్లబడి, రొయ్య మేత వదిలేస్తుంది. రాత్రి ఇంకా ఘోరం. పగలంతా ఎండకు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడినాక అదే నాచు ఆక్సిజన్ తాగేస్తుంది. తెల్లారే ముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. సరిగ్గా ఆ టైములోనే కరెంటు పోతుంది. నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగినాయంటే జనరేటర్ వెంటనే అందుకోవాలి. లేకపోతే రొయ్య పైకి తేలి గట్టు చుట్టూ తిరుగుతుంది, ఆ తర్వాత ఇక చూసేదానికేం ఉండదు.

ఇందులో ఈ క్షణంలో ఉండేది ఎక్కడబ్బా అంటే, చెక్ ట్రే దగ్గర.

మేత వేసేటప్పుడు కొంచెం ఆ పళ్లెంలో కూడా వేసి నీళ్లలోకి దించుతాం. రెండు గంటలకు పైకి లాగి చూడాలి. మేత మిగిలిందా, ఎంత మిగిలింది, దాన్నిబట్టి రేపటి మేత. అంతటితో అయిపోదు. పళ్లెంలో ఎక్కిన రొయ్యల్లో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని టార్చి లైటు కింద పట్టుకోవాలి. వీపు మీద పేగు నల్లటి గీతలాగా తల దగ్గర్నుంచి తోక దాకా తెగకుండా ఉండాలి. మధ్యలో ఖాళీ కనపడిందంటే తినడం తగ్గించినట్టు. వేలితో నొక్కితే పెంకు గట్టిగా ఉందా, మెత్తగా వంగుతోందా? మీసాలు ఉన్నాయా, విరిగినాయా? తోక విసనకర్ర ఎర్రబడిందా? అది చేతిలో టపటపా కొట్టుకుంటా ఉంటుంది, ఒక్క పట్టున చూసి వదిలేయాలి. ఎక్కువసేపు ఉంచినా పాపమే.

ఆ కాసేపు నాకు అప్పు గుర్తుకు రాదు. రాకూడదని నేనేం ప్రయత్నం చెయ్యను. అప్పు గురించి ఆలోచిస్తా చూస్తే ఆ గీత తెగిందో లేదో కనపడదు, మళ్లీ చూడాల్సి వస్తుంది. అందుకని మనసే అక్కడికి వచ్చి కూర్చుంటుంది. ట్రే మళ్లీ నీళ్లలోకి దిగిందంటే అప్పు కూడా నాతో పాటే గట్టెక్కుతుంది, అది వేరే సంగతి. మొదట్లో అప్పు తీరినాక ప్రశాంతంగా ఉందాం అనుకునేవాణ్ణి. రొయ్యల మీద అప్పు తీరేది, మళ్లీ చేసేదానికే. ఇక ఎప్పటికి ఉంటా ప్రశాంతంగా? అందుకని రోజుకు ఎన్నిసార్లు ట్రే లాగితే అన్నిసార్లు వచ్చేది తీసుకుంటున్నా.

ఇంకొకటి. ఈ రొయ్యల సాగులో నేనూ మా బామ్మర్దీ పొత్తు. ఒక రాత్రి నేను, ఒక రాత్రి తను. తన వంతు రాత్రి గుంట తనది. కరెంటు పోయినా నేను లేవను, ఫోన్ మోగితేనే లేస్తా. ఇది అంత తేలిగ్గా రాలేదు, ముందు పడుకుని ఏరియేటర్ చప్పుడు వింటానే ఉండేవాణ్ణి, మీరు గ్లాసు చప్పుడు విన్నట్టే. మా బామ్మర్ది ఒక రోజు కోప్పడ్డాడు. 'నువ్వు మేలుకుని ఉంటే నేనెందుకు ఇక్కడ, ఇంటికి పోతా' అన్నాడు. ఆ మాట పని చేసింది.

మీ ఇంట్లో తొందరపడితే చెడిపోయే పని ఏదన్నా ఉందా అక్కా? దోసె కాదు, దోసె మాడితే ఇంకోటి వేస్తాం. తొందరపడకూడని పని. ముందు అది వెతకండి.

---

ఒంగోలు స్టాఫ్ నర్స్, రిటైర్డ్

అమ్మాయ్, పైన రొయ్యల తమ్ముడు అడిగిన దానికి నేను చెప్తా. అన్నం పెట్టడం.

నేను ముప్పై ఏళ్లు వార్డుల్లో చేశాను, పక్షవాతం పేషెంట్లను లెక్కలేనంత మందిని చూశాను. ఇంట్లోవాళ్లు తెలియక చేసే తప్పుల్లో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది తొందర తొందరగా తినిపించడం. ఈ జబ్బులో కొందరికి గొంతు కూడా దెబ్బ తింటుంది. పడుకోబెట్టి పెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టు, వెనక దిండ్లు పెట్టు, తల వెనక్కి వాలకుండా గడ్డం కొంచెం కిందకు ఉండాలి. చిన్న స్పూను. పడిపోని వైపు నోట్లో పెట్టు, అంటే మీ అత్తగారికి ఎడమ పక్క. పెట్టి ఆగు. గొంతు దగ్గర గుటక కదలడం కంటితో చూసిన తర్వాతే రెండో స్పూను. మధ్యలో దగ్గు వచ్చినా, గొంతు గరగరమన్నా ఆపెయ్యి. తిన్నాక కూడా అరగంట కూర్చోబెట్టే ఉంచు. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, ఈ వయసులో అది చాలా చెడ్డది. తినేటప్పుడు తరచూ దగ్గుతుంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించాలి. తినిపించేంతసేపూ ఫోన్ వేరే గదిలో పెట్టు. ఇది ధ్యానం గురించి చెప్పడం లేదు, పేషెంటు గురించి చెప్తున్నా.

రెండోది, పక్కకు తిప్పడం. రెండు గంటలకొకసారి తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి. అది నువ్వు ఆఫీసులో కూర్చుని గుర్తు పెట్టుకుంటే ఏం లాభం? ఒక అట్ట తీసుకుని గంటలు రాసి మంచం పక్క గోడకు తగిలించు. తిప్పిన వాళ్లు ఏ పక్కకు తిప్పారో రాసి సంతకం పెట్టాలి. మా వార్డులో అట్లాగే చేసేవాళ్లం, సంతకం లేకపోతే తిప్పనట్టే లెక్క. పగటి ఆవిడకు ఇది చెప్తే మొదట ముఖం మాడుస్తుంది, తర్వాత అలవాటు పడుతుంది. సాయంత్రం వంతు బాబుకు ఇవ్వు. 8వ తరగతి పిల్లాడు చిన్నవాడేం కాదు, ఎట్లా పట్టుకోవాలో నేర్పిస్తే చేస్తాడు. బరువంతా ఒక్కడి మీద వెయ్యకు, ఇద్దరు కలిసి దుప్పటి పట్టుకుని తిప్పాలి.

మంచం దిగలేని పక్షవాతం వాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. నిబంధనలు ఉంటాయి, ప్రభుత్వ డాక్టర్ల పరీక్ష ఉంటుంది, మీకు వర్తిస్తుందో లేదో సచివాలయంలో అడుగు. అడగడానికి సిగ్గుపడేవాళ్లను చాలామందిని చూశాను.

చివరగా ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోకు. రాత్రి ఎంతసేపు నిద్ర పోతున్నావు? 4కు లేస్తానన్నావు, పడుకునేది ఎప్పుడో రాయలేదు. నిద్ర లేనిదానికి మనసు నిలవడం లేదని పేరు పెట్టుకుంటున్నావేమో చూసుకో. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే లైను, ప్రభుత్వానిదే, 2022లో పెట్టారు, డబ్బులేం అడగరు, తెలుగులో మాట్లాడతారు.

---

కందుకూరు కోడలు

అందరూ అక్కకు పని ఎట్టా చెయ్యాలో నేర్పిస్తున్నారు, బాగుంది. ఆ ఇంట్లో కొడుకు ఒకాయన ఉన్నాడు కదా, ఆయన గురించి ఒక్కరూ అడగరేం? అక్కా, మీ ఆయన పగలు ఇంట్లో ఉండే వారం ఏం చేస్తాడు? ఆడబిడ్డలు లేరా?

బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు పోతే స్వర్ణాల చెరువులో ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఇల్లు రొట్టె, అన్నీ దొరుకుతాయి. మనశ్శాంతి రొట్టె ఇచ్చేవాళ్లు నాకు ఇంతవరకూ కనపడలేదు. కోరిక తీరినవాళ్లే కదా మళ్లీ వచ్చి ఆ రొట్టె పంచాల్సింది. అంటే దొరికినవాళ్లు ఎవరూ లేరనే కదా! నవ్వులాటకు అన్నాలే. కానీ పని పంచకుండా శాంతి పంచమంటే ఎవరు మాత్రం ఏం ఇస్తారు?

---

కావలి లెక్చరర్

పుస్తకాల్లో చదివింది వద్దన్నారు. నా బతుకు పుస్తకాల్లోనే గడిచింది, కాబట్టి నాలుగు ముక్కల్లో చెప్పి తప్పుకుంటాను.

నర్సమ్మగారు చెప్పిన అట్ట విషయం ఊరికే కొట్టిపారెయ్యకండి. బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బెర్లిన్‌లో చేసిన ప్రయోగాలను 1927లో ప్రచురించారు. పూర్తయిన పనుల కన్నా మధ్యలో ఆపేసిన పనులే మనుషులకు ఎక్కువ గుర్తుంటున్నాయని అందులో తేలింది. తర్వాత అదే ప్రయోగం చేసినవాళ్లందరికీ అట్లాగే రాలేదు, ఆ వాదన ఇంకా ఉంది. నాకు నచ్చింది 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన పని. తెమలని పని బుర్రలో తిరుగుతూ ఇప్పుడు చేసే పనికి అడ్డు పడుతుంది. అయితే ఆ పని పూర్తి చెయ్యకపోయినా, ఎప్పుడు ఎట్లా చేస్తామో కచ్చితంగా అనుకుంటే ఆ అడ్డు తగ్గిందని వాళ్లు చూపించారు. అమెరికాలో జరిగిన ఇంకో చిన్న ప్రయోగం 2018లో ప్రచురించారు, 57 మంది యువతీ యువకుల మీద. పడుకునే ముందు 5 నిమిషాలు, రాబోయే రోజుల్లో చెయ్యాల్సినవి రాసుకున్న వాళ్లు, చేసేసిన పనులు రాసుకున్న వాళ్ల కన్నా దాదాపు 9 నిమిషాలు ముందుగా నిద్ర పోయారు. చిన్న ప్రయోగమే, దాన్ని పట్టుకుని పెద్ద మాటలు చెప్పను. కానీ ఖర్చు లేని పని, ఒక నోటు పుస్తకం చాలు.

మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి ఒకటి అడుగుతాను. మిల్లు లెక్కలు తలలో పెట్టుకుంటారా, పుస్తకంలో రాస్తారా? ఇంటి లెక్కలు మాత్రం తలలోనే ఎందుకు?

---

మూలాపేట లెక్కలు

అందరికీ విడివిడిగా రాయలేను, ఒకేసారి రాస్తున్నా.

ముందు కందుకూరు చెల్లికి. మా ఆయన చెడ్డవాడు కాదు. పగలు ఇంట్లో ఉన్న వారం వాళ్లమ్మకు స్నానం ఆయనే చేయిస్తాడు. కానీ చెప్తేనే చేస్తాడు. చెప్పాలంటే ముందు నాకు గుర్తుండాలి కదా, అక్కడే ఉంది తంటా అంతా. పని ఆయనదైనా దాని తలనొప్పి నాదే. ఆడబిడ్డ చెన్నైలో ఉంది, నెలనెలా డబ్బు పంపిస్తుంది, వచ్చినప్పుడు 'అమ్మ చిక్కిపోయింది వదినా' అంటుంది. ఇంతకన్నా రాస్తే ఆమె చదువుతుందేమో, వద్దులే.

నర్సమ్మా, అట్ట కట్టాం. బాబు స్కెచ్ పెన్నుతో గళ్లు గీశాడు, ఎడమకు నీలం, కుడికి ఎరుపు, వీపు మీదకు పచ్చ. వాడికి అది ఆట అయిపోయింది, వాళ్ల నాన్న సంతకం మర్చిపోతే వాడే నిలదీస్తున్నాడు. మా ఆయనకు ఇప్పుడు నేను చెప్పక్కర్లేదు, గోడ చెప్తుంది. పగటి ఆవిడ మీరన్నట్టే ముఖం మాడ్చుకుంది. 'నా మీద నమ్మకం లేదా' అంది. నమ్మకం సంగతి కాదు, డాక్టరుకు చూపించాలి అని చెప్పా. ఇక నిద్ర సంగతి. రాత్రి 11 దాటాకే పడుకుంటున్నా. మీరు చెప్పింది నిజమే అనిపించింది, దాని గురించి ఇప్పుడు వాదించను. రాత్రి షిఫ్టు లేని వారం 4 గంటల పని మా ఆయనకు అప్పజెప్పా. మొదటి రోజు నేను ఎట్టాగూ మెలకువగానే ఉన్నా, గుడ్డలు ఏ బీరువాలో ఉన్నాయో ఆయన వెతుక్కుంటుంటే నోటి దాకా వచ్చింది. రొయ్యల తమ్ముడి బామ్మర్ది గుర్తొచ్చి ఊరుకున్నా. దొరికినాయి, ఆలస్యంగా.

తమ్ముడూ, నీ ట్రే సంగతి. రాత్రి అత్తమ్మకు రాగి జావ పెడుతూ ఫోన్ వంటింట్లో వదిలేసి కూర్చున్నా. నర్సమ్మ చెప్పినట్టు ఎడమ పక్క స్పూను పెట్టి గొంతు వైపు చూస్తున్నా. ఇన్ని నెలలుగా పెడుతున్నా కానీ అట్టా చూడలేదు. ముందు పెదవులు మూసుకుంటాయి, కుడి మూల మాత్రం పూర్తిగా మూసుకోదు, అక్కడ కొంచెం జావ జారుతుంది. నాలుకతో వెనక్కి నెట్టుకుంటుంది. కాసేపు ఏం జరగదు. ఆ కాసేపట్లోనే నేను ఇంతకు ముందు రెండో స్పూను ఎత్తి పట్టుకుని ఉండేదాన్ని. తర్వాత మెడ దగ్గర చర్మం పైకి లేచి కిందకు దిగుతుంది. అప్పుడు ఆమె నా వైపు చూస్తుంది, అయింది అన్నట్టు. గిన్నె సగమయ్యేసరికి ఆమె ఊపిరికి, నా స్పూనుకి ఒక వరస కుదిరింది. ఫీజు గుర్తు రాలేదా అంటే వచ్చింది. వచ్చిందని తెలిసేసరికి గుటక పడిందో లేదో తెలియలేదు, మళ్లీ ఆగి చూడాల్సి వచ్చింది. అదేదో నువ్వు చెప్పినట్టే ఉంది.

ఇదంతా ఏదో దివ్యంగా జరిగిందనుకోకండి. గిన్నె చివరికొచ్చాక అత్తమ్మ ఏదో అంది. చెవి దగ్గర పెట్టి రెండోసారి అడిగితే అర్థమైంది. 'చల్లారిపోయింది' అంట. నిదానంగా పెడితే చల్లారదా మరి! నాకు నవ్వొచ్చింది, ఆమెకు మాత్రం కోపమే. ఈ రోజు గిన్నెను వేణ్నీళ్ల గిన్నెలో పెట్టుకుని కూర్చున్నా.

లెక్చరర్ గారూ, ఆ చివరి ప్రశ్న సూటిగా తగిలింది. పాత డైరీ ఒకటి తీశా. ఫీజు: ఫలానా తేదీ, ఫలానా చోట నుంచి. బిల్లులు: లారీ ఆఫీసుకు ఫోన్, శనివారం. అన్నీ రాయగలిగా కానీ నాన్న దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆయన విషయంలో ఎప్పుడు, ఎట్టా అని రాసేదానికి ఏమీ లేదు. ఆయన రాడు, నేను పోలేను. ఇది రాస్తే పోయే రకం కాదు. దీనికి ఎవరి దగ్గరన్నా ఏదన్నా ఉందా?

---

తోటపల్లిగూడూరు రొయ్యలోడు

అక్కా, మీ నాన్నగారి సంగతి నాకు తెలుసు, మా నాయన కూడా అంతే, కయ్య వదలడు. వాళ్లను రమ్మని అడగడం మానుకోండి. అడిగేకొద్దీ మనతో మాట్లాడటమే తగ్గిస్తారు, ఫోన్ ఎత్తితే మళ్లీ అదే మొదలుపెడతామని. మా నాయనకు మెడలో తగిలించుకునే పర్సు లాంటిది కొనిచ్చి అందులో చిన్న ఫోన్ పెట్టాను, బటన్లది, ఛార్జింగ్ చాలా రోజులొస్తుంది. మర్చిపోయేదానికి లేదు. రబ్బరు బూట్లు, మంచి టార్చి. రాత్రి నీళ్లకు పోయేటప్పుడు పక్క కయ్య ఆయనతో కలిసి పోవాలని ఆయనకు చెప్పలేదు, ఆ పక్క కయ్య ఆయనకే చెప్పాను. అది పని చేస్తుంది.

రోజూ ఒకే టైముకు ఫోన్ చెయ్యండి. చేసినప్పుడు నీళ్లు వచ్చినాయా, చివరి కయ్యకు ఎక్కినాయా, నాట్లు పచ్చబడినాయా అని అడగండి. బాగున్నావా అంటే బాగున్నా అని పెట్టేస్తారు. కయ్య గురించి అడిగితే ఇక వదలరు. భయం పూర్తిగా పోదులెండి. నాకు పోలేదు.

మూలాపేట లెక్కలు

పక్క కయ్య ఆయన నంబరు నా దగ్గర ఉంది తమ్ముడూ. ఇంతకాలం ఎందుకు తట్టలేదో. ఈ ఆదివారం బూట్లు తీసుకుపోతా.

నర్సమ్మా, ఒక్క డౌటు. ఎయిర్ బెడ్ కొనమని పక్కింటివాళ్లు అంటున్నారు. కొంటే రెండు గంటలకొకసారి తిప్పే పని ఉండదా?

ఒంగోలు స్టాఫ్ నర్స్, రిటైర్డ్

ఉంటుంది. ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పాల్సిందే, అట్ట తియ్యొద్దు. ఎంతెంత సేపటికి అనేది డాక్టరు ఒంటి మీద చర్మం చూసి చెప్తారు. కొనే ముందు అద్దెకు దొరుకుతుందేమో మెడికల్ షాపుల్లో అడుగు, నెల్లూరులో దొరక్కపోదు. మోటారు పెట్టి గాలి వంతులవారీగా మారేది తీసుకో. వేసిన తర్వాత ఆమెను పడుకోబెట్టి, బెడ్ కింద నడుము దగ్గర నీ అరచెయ్యి పెట్టి చూడు. ఆమె బరువు నేరుగా చేతికి తగులుతుంటే గాలి చాలనట్టు. రోజూ ఒకసారి చూడాలి అది. పైన దుప్పటి ఒక్కటే, మడతలు లేకుండా. మోటారు కొంచెం గుర్రుమంటుంది, మొదట రెండు రోజులు అత్తగారు తిడుతుంది, పట్టించుకోకు.